అంకెలు ఉన్నంత మాత్రాన సంఖ్య కాదు: ఇంట్, ఫ్లోట్, బూల్ గురించి మొదట్లోనే తెలియాల్సిన సంగతులు

సీ గానీ జావా గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో దాదాపు అందరూ రాసే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. పేరు, వయసు, ఫోన్ నంబర్ అడిగి, వాటినే తిరిగి స్క్రీన్ మీద చూపించడం దాని పని. పేరుకు స్ట్రింగ్, అంటే అక్షరాల వరుసను దాచే టైప్. వయసుకు ఇంట్, అంటే పూర్ణసంఖ్యను దాచే టైప్. ఫోన్ నంబర్‌లో ఉన్నవీ అంకెలే కదా అని దానికీ ఇంట్ పెడతారు. జావాలో ఆ నంబర్‌ను ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటే, ఇంత పెద్ద సంఖ్య కుదరదని, ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. సీలో కీబోర్డ్ నుంచి తీసుకుంటే ఆ పాటి హెచ్చరిక కూడా ఉండదు. ఇచ్చిన నంబర్ ఒకటి, తెర మీద కనిపించేది ఇంకొకటి. ఒక్కోసారి దాని ముందు మైనస్ గుర్తు కూడా ఉంటుంది.

ఈ రోజుల్లో వాడే మామూలు కంప్యూటర్లలో ఇంట్ అంటే 32 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడులు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. అంటే 214 కోట్ల పైచిలుకు. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి, పది అంకెలుంటాయి. సంఖ్యగా చూస్తే అన్నిటికన్నా చిన్న నంబర్ కూడా 600 కోట్లకు తగ్గదు. కాబట్టి దేశంలో ఉన్న ఏ మొబైల్ నంబరూ ఇంట్‌లో పట్టదు.

ఇలాంటప్పుడు ల్యాబ్‌లో పక్కవాళ్లు ఇచ్చే సలహా "లాంగ్ పెట్టేయ్, సరిపోతుంది" అని. లాంగ్ కూడా పూర్ణసంఖ్యల టైపే, ఇంట్ కన్నా పెద్దది. 64 బిట్ల లాంగ్ పెడితే నిజంగానే సరిపోతుంది. అయినా అది సరైన జవాబు కాదు. ఫోన్ నంబర్లను ఎవరూ కూడరు. రెండు నంబర్ల సగటుకు అర్థం లేదు. ఒక నంబర్ ఇంకో నంబర్ కన్నా పెద్దదని తెలిసినా చేసేదేమీ లేదు. ఫోన్ నంబర్‌తో చేసే పనులు వేరే ఉన్నాయి: పది అంకెలున్నాయా, మొదటి అంకె ఏది, చివరి నాలుగు అంకెలు ఏవి, ముందు +91 చేర్చాలా. ఇవన్నీ అక్షరాల వరుసతో చేసే పనులు. అందుకే ఫోన్ నంబర్ స్ట్రింగ్ కావాలి.

డేటా టైప్ నిర్ణయించేటప్పుడు చూడాల్సింది ఆ విలువ కంటికి ఎలా కనిపిస్తుందని కాదు, దానితో ఏ పని చేయబోతున్నామని. ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పకపోవడం వల్ల డేటా టైపులు చాలామందికి పరీక్ష కోసం బట్టీ పట్టే పట్టికగానే మిగిలిపోతున్నాయి. ఇంట్‌కు ఎన్ని బైట్లు, చుక్క ఉన్న సంఖ్యలను దాచే ఫ్లోట్‌కు ఎన్ని బైట్లు (బైట్ అంటే 8 బిట్లు) అని అడిగితే టక్కున చెప్పగలిగినవాళ్లు కూడా, పిన్ కోడ్‌కు ఏ టైప్ పెట్టాలంటే తడబడతారు.

ఎస్టీడీ కోడ్‌లతో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. హైదరాబాద్ కోడ్ 040. దాన్ని సీ ప్రోగ్రామ్‌లో సంఖ్యగా రాసి ప్రింట్ చేస్తే 32 వస్తుంది. సీ భాషలో సున్నాతో మొదలైన పూర్ణసంఖ్యను ఎనిమిది ఆధారంగా లెక్కపెడతారు, నాలుగు ఎనిమిదులు 32. విజయవాడ కోడ్ 0866 రాస్తే అసలు కంపైలే కాదు, ఎందుకంటే ఆ పద్ధతిలో 8 అనే అంకే లేదు. విశాఖపట్నం 0891కీ అదే గతి. పైథాన్ 3 ఇలా సున్నాతో మొదలైన వాటిని ఎర్రర్ చూపించి తిప్పి పంపేస్తుంది. తప్పును దాచకుండా ముందే చెప్పేయడం నేర్చుకునేవాళ్లకు మేలు చేస్తుంది.

ఎక్సెల్ వాడేవాళ్లకు ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఆధార్ నంబర్ 12 అంకెలు. మామూలు సెల్‌లో టైప్ చేస్తే మధ్యలో E అనే ఇంగ్లిష్ అక్షరం, ప్లస్ గుర్తు పెట్టి కుదించి చూపిస్తుంది. 16 అంకెల కార్డు నంబర్ అయితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే ఖచ్చితంగా నిలుపుకుంటుంది. ఆ సెల్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోకపోతే పోయిన అంకె తిరిగి రాదు.

పూర్ణసంఖ్యలు: గిన్నె నిండితే ఏమవుతుంది

నిజంగా సంఖ్యలే అయినవి వేరే ఉన్నాయి. వయసు, మార్కులు, ఊరి జనాభా, అమ్ముడైన టికెట్లు. వీటిని కూడతాం, పోలుస్తాం, సగటు తీస్తాం. వీటిలో లెక్కపెట్టేవాటికి ఇంట్ సహజంగా సరిపోతుంది. ఇద్దరు మనుషులకూ ముగ్గురికీ మధ్యలో ఏమీ లేనట్టే ఇంట్‌లో 2కీ 3కీ మధ్య ఏమీ ఉండదు.

ఇంట్‌కు హద్దు ఎందుకంటే, కంప్యూటర్ ఒక్కో విలువకు ఇన్ని బిట్లని ముందే కేటాయిస్తుంది. ఒక బిట్‌లో 0 లేదా 1. ఎనిమిది బిట్లుంటే 256 రకాల అమరికలు వస్తాయి. వాటిలో సగం, 128, రుణ సంఖ్యలకు పోతాయి. మిగిలిన సగంలో ఒకటి సున్నాకు పోగా ధన సంఖ్యలకు 127 మిగులుతాయి. అందుకే జావాలో బైట్ అనే టైప్ -128 నుంచి 127 వరకు ఉంటుంది. రుణం వైపు ఒకటి ఎక్కువ ఎందుకనే సందేహానికి జవాబు ఆ సున్నాయే. 32 బిట్లకు ఇదే లెక్కను పెంచుకుంటూ పోతే పైన చెప్పిన 214 కోట్ల హద్దు వస్తుంది.

పాత స్కూటర్ల మీటర్‌లో అన్నీ తొమ్మిదులు వచ్చాక ఇంకో కిలోమీటర్ నడిపితే అన్నీ సున్నాలైపోయేవి. జావాలో ఇంట్ కూడా అలాగే తిరుగుతుంది, కాకపోతే సున్నాకు రాదు. అతి పెద్ద సంఖ్యకు ఒకటి కలిపితే అతి చిన్న రుణ సంఖ్య వస్తుంది. దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు. సీలో అయితే ఇలా దాటితే ఏం జరగాలో భాషే హామీ ఇవ్వదు.

రుణ సంఖ్య కనిపిస్తే కనీసం అనుమానం వస్తుంది. ప్రమాదమంతా అనుమానం రాని తప్పులతోనే. ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి ఒక సంఖ్య దాకా అన్నిటినీ గుణించే ప్రోగ్రామ్ అందరూ రాసేదే. 12 ఫ్యాక్టోరియల్ 47,90,01,600. ఇంట్‌లో పడుతుంది. 13 ఫ్యాక్టోరియల్ నిజానికి 6,22,70,20,800. జావాలో ఇంట్ పెట్టి నడిపితే 1,93,20,53,504 అని వస్తుంది. మైనస్ లేదు, ఎర్రర్ లేదు, చూడటానికి నిండైన పెద్ద సంఖ్య. రికార్డ్ పుస్తకంలో అవుట్‌పుట్ కింద రాసేసి సంతకం చేయించుకున్నా ఎవరికీ తెలియదు. లాంగ్‌కు మారిస్తే 20 ఫ్యాక్టోరియల్ దాకా నెట్టుకురావచ్చు, 21 దగ్గర మళ్లీ ఇదే కథ.

పెద్ద కంపెనీలకూ ఈ హద్దు తగిలింది. 2014లో దక్షిణ కొరియా గాయకుడు సై పాట ఒకటి యూట్యూబ్‌లో 214 కోట్ల వ్యూస్ దాటింది. ఒక వీడియోకు అన్ని వ్యూస్ వస్తాయని అనుకోక 32 బిట్ల లెక్కే పెట్టుకున్న యూట్యూబ్, దాన్ని 64 బిట్లకు మార్చింది. ఇంకొకటి ముందుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత వ్యవస్థల్లో ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల దగ్గర నిండిపోతుంది.

పాత పుస్తకాలు కొన్నింటిలో ఇంట్ అంటే 2 బైట్లనీ, హద్దు 32,767 అనీ ఉంటుంది. అది తప్పు కాదు. మన కాలేజీ ల్యాబ్‌లలో చాలా ఏళ్లు వాడిన టర్బో సీలో ఇంట్ 16 బిట్లే. సీ ప్రమాణం ఇంట్‌కు ఒకే సైజ్ అని చెప్పదు, కనీసం ఇంత ఉండాలని మాత్రమే చెబుతుంది. "ఇంట్ సైజ్ ఎంత?" అనే పరీక్ష ప్రశ్నకు సరైన జవాబు "ఏ కంపైలర్, ఏ కంప్యూటర్ అన్నదాన్ని బట్టి" అని. జావాలో మాత్రం ఎక్కడైనా 32 బిట్లే.

పైథాన్ ఈ చింతను నేర్చుకునేవాళ్ల నెత్తి మీద నుంచి దించేసింది. అక్కడ పూర్ణసంఖ్యకు హద్దంటూ విడిగా లేదు, మెమరీ ఉన్నంత మేర పెరుగుతుంది. 100 ఫ్యాక్టోరియల్ అడిగినా 158 అంకెలూ వరసగా ఇస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బడ్జెట్లు ఒక్కొక్కటీ 3 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. రూపాయల్లో రాస్తే 13 అంకెలు. సీ, జావాల్లో దానికి లాంగ్ గుర్తుపెట్టుకుని పెట్టాలి, పైథాన్‌లో ఆలోచించనక్కర్లేదు.

కానీ పైథాన్‌లో మనవాళ్లకే ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రెండు లక్షలను అలవాటుగా కామాలు పెట్టి 2,00,000 అని రాస్తే ఎర్రర్ రాదు. అది సంఖ్య కాకుండా 2, 0, 0 అనే మూడు విలువల గుంపు అయిపోతుంది. పైథాన్ దృష్టిలో కామా అంటే విలువలను విడదీసే గుర్తు. అదే 2,05,000 అని రాస్తే 05 దగ్గర ఎర్రర్ వస్తుంది. కామా బదులు కింద గీత పెట్టి 2_00_000 అని రాయడం సరైన దారి. పైథాన్ 3.6 నుంచి, జావా 7 నుంచి ఇది కుదురుతుంది. ఆ గీత మూడేసి అంకెలకే పెట్టాలన్న నియమం లేదు కాబట్టి లక్షలు, కోట్లు మన పద్ధతిలోనే విడదీసుకోవచ్చు.

భాగహారం దగ్గర ఇంట్ స్వభావం పూర్తిగా బయటపడుతుంది. పదో తరగతిలో 600కి 543 మార్కులొచ్చిన విద్యార్థి శాతం లెక్కకట్టాలి. సీలో 543 / 600 * 100 అని రాస్తే జవాబు సున్నా. మొదట 543ను 600తో భాగిస్తే 0.905 రావాలి. రెండూ ఇంట్‌లే కాబట్టి చుక్క తర్వాతది పోయి 0 మిగిలింది. దాన్ని 100తో గుణిస్తే సున్నాయే. ముందు గుణించి 543 * 100 / 600 అని రాస్తే 90 వస్తుంది, అర శాతం పోయింది. 100 బదులు 100.0 అని రాస్తేనే 90.5. ఒక్క చుక్క, ఒక్క సున్నా ఇంత తేడా తెస్తాయి. పైథాన్ 3లో 7 / 2 అంటే 3.5, పూర్ణసంఖ్యే కావాలంటే రెండు గీతలతో 7 // 2 అని విడిగా అడగాలి. రెండు రకాల భాగహారాలకు రెండు గుర్తులు పెట్టడం మంచి నిర్ణయం. పంచుకోవడం వేరు, కొలవడం వేరు. ఏడు లడ్డూలు ఇద్దరికి పంచితే తలా మూడు, ఒకటి మిగులు. ఏడు మీటర్ల తాడును రెండు ముక్కలు చేస్తే తలా మూడున్నర.

చుక్క ఉన్న సంఖ్యలు, అణాల లెక్క

పైథాన్‌లో 0.1 + 0.2 అని అడిగితే 0.30000000000000004 వస్తుంది. జావాలో, జావాస్క్రిప్ట్‌లో కూడా అంతే. మొదటిసారి చూసినవాళ్లు భాషలో బగ్ ఉందనుకుంటారు. బగ్ కాదు.

పదుల పద్ధతిలో 1/3ను రాయాలంటే 0.3333 అంటూ ఎంతదూరం పోయినా పూర్తి కాదు. పదిని మూడు నిశ్శేషంగా భాగించదు కాబట్టి. కంప్యూటర్ పదులతో కాకుండా రెండుతో లెక్కిస్తుంది. అందుకని సగం, సగంలో సగం, అందులో సగం, వీటిని కూడితే వచ్చేవి మాత్రమే దానికి ఖచ్చితంగా దొరుకుతాయి. పదో వంతు వాటిలో లేదు. 0.1 అని రాసినప్పుడు కంప్యూటర్ దానికి అతి దగ్గరగా ఉన్న ఇంకో విలువను దాచుకుంటుంది. అది 0.1 కన్నా కొసరంత ఎక్కువ.

ఇది మన పాత డబ్బు లెక్కతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారణాలు. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, పావలాలో సగం బేడ, బేడలో సగం అణా. ప్రతిసారీ సగమే. అణా అంటే రూపాయిలో 1/16, అంటే 0.0625. దీన్ని ఫ్లోట్ ఒక్క పిసరు తేడా లేకుండా దాచుకుంటుంది. పదహారు అణాలు ఒక్కొక్కటిగా కూడితే సరిగ్గా 1.0 వస్తుంది. అదే దశాంశ నాణేల్లో పది పైసలు, అంటే 0.1, పదిసార్లు ఒక్కొక్కటిగా కూడితే 0.9999999999999999 వస్తుంది. మనుషులకు లెక్క సులువు కావాలని తెచ్చిన పైసలు కంప్యూటర్ ఫ్లోట్‌కు కుదరలేదు, అణాలైతే అచ్చంగా కుదిరేవి. అణాలో పన్నెండో వంతైన "పై" అనే నాణెం మాత్రం అప్పుడూ కుదరదు, పన్నెండులో మూడు ఉంది కాబట్టి. తెలుగువాళ్ల పాత కొలతల్లోనూ భిన్నాలు పావు, వీసం అంటూ నాలుగో వంతుల లెక్కలోనే నడిచాయి. వాటి గుర్తులు యూనికోడ్ తెలుగు అక్షరాల పట్టికలో ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు దాదాపు అన్ని కంప్యూటర్లూ పాటించే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతి 1985లో వచ్చిన ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం. దాని రూపకల్పనలో ముఖ్యుడైన విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఈ పద్ధతిలో చుక్క ఉన్న సంఖ్యలకే వాడే పెద్ద టైప్ డబుల్‌కు 64 బిట్లు: ఒకటి గుర్తుకు, 11 ఘాతానికి, 52 అసలు అంకెలకు. అంటే సంఖ్య చిన్నదైనా పెద్దదైనా దాదాపు 15, 16 అంకెల మేరకు నమ్మొచ్చు. సీ, జావాల్లో ఫ్లోట్ అనే పేరున్నది 32 బిట్లది, దాన్ని 7 అంకెల దాకానే నమ్మాలి. 1,67,77,217 రూపాయలను అలాంటి ఫ్లోట్‌లో పెట్టి చూస్తే 1,67,77,216 అని వస్తుంది. చుక్క తర్వాత ఏమీ లేకపోయినా ఒక రూపాయి మాయమైంది. పైథాన్‌లో ఫ్లోట్ అని పిలిచేది మాత్రం నిజానికి 64 బిట్ల డబుల్. పేరు ఒకటే, సరుకు వేరు. ఒక భాష నుంచి ఇంకో భాషకు మారేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

చిన్న తేడాయే కదా అని వదిలేస్తే ఏమవుతుందో 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో తెలిసింది. అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కపెట్టేది. ఆ 0.1ని 24 బిట్లలో కుదించి దాచారు. ఒక్కోసారి వచ్చే తేడా దాదాపు కోటో వంతు సెకను. కానీ ఆ వ్యవస్థ ఆపకుండా 100 గంటలు నడిచింది. తేడాలన్నీ పోగుపడి సెకనులో మూడో వంతు అయ్యాయి. ఇరాక్ స్కడ్ క్షిపణి అంత వ్యవధిలో అర కిలోమీటరు పైనే దూసుకుపోతుంది. పేట్రియాట్ దాన్ని వెతకాల్సిన చోట వెతకలేదు. బ్యారక్‌ల మీద పడిన ఆ క్షిపణి 28 మంది సైనికుల ప్రాణాలు తీసింది. అది ఫ్లోట్ కాదు, ఇంకో రకమైన బైనరీ లెక్క. కానీ మూలం ఒకటే: రెండు ఆధారంగా రాసే ఏ లెక్కలోనూ పదో వంతు పూర్తిగా పట్టదు.

నేర్చుకునేవాళ్లు దీని నుంచి రెండు అలవాట్లు చేసుకోవాలి. మొదటిది, రెండు ఫ్లోట్‌లు సమానమా అని నేరుగా అడగకూడదు. సున్నాతో మొదలుపెట్టి 0.1 చొప్పున కలుపుతూ 1.0 వచ్చినప్పుడు ఆగమని లూప్, అంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే వాక్యం, రాస్తే అది ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే సరిగ్గా 1.0 ఎప్పుడూ రాదు. తేడా ఇంతకన్నా తక్కువుందా అని అడగడం సరైనది. రెండోది డబ్బు గురించి. డబ్బుకు ఫ్లోట్ వాడకూడదు. పైథాన్‌లో 2.675ను రెండు స్థానాలకు రౌండ్ చేయమంటే 2.68 అనుకుంటాం, 2.67 వస్తుంది. లోపల దాచుకున్న విలువ 2.675 కన్నా కొంచెం తక్కువ కావడమే కారణం. కిరాణా కొట్టు బిల్లు ప్రోగ్రామ్ రాసినా సరే, మొత్తాలను పైసల్లో ఇంట్‌గా దాచుకోవాలి. 249 రూపాయల 50 పైసలంటే 24950. చూపించేటప్పుడు మాత్రం చుక్క పెట్టుకోవాలి. లేదంటే పైథాన్‌లో డెసిమల్, జావాలో బిగ్‌డెసిమల్ ఇందుకోసమే ఉన్నాయి. ఎత్తు, బరువు, ఉష్ణోగ్రత లాంటి కొలతలకు ఫ్లోట్ చక్కగా సరిపోతుంది. కొలతలో ఎలాగూ కొంత తేడా ఉంటుంది, థర్మామీటర్ పదహారో అంకె దాకా చెప్పదు.

ఇక్కడే ఇన్‌పుట్ గురించి ఒక మాట. పైథాన్‌లో ఇన్‌పుట్‌తో ఏం తీసుకున్నా అది స్ట్రింగ్‌గానే వస్తుంది. 5, 5 ఇచ్చి కలిపితే 10 బదులు 55 వచ్చేది అందుకే. దాన్ని ఇంట్‌గా మార్చుకోవాలి. ఆ మార్పిడిలో సంతోషం కలిగించే విషయం ఒకటుంది. ౧౨౩ అని తెలుగు అంకెల్లో ఇచ్చినా పైథాన్ ఇంట్ దాన్ని 123గా తీసుకుంటుంది. జావాస్క్రిప్ట్ మాత్రం అది సంఖ్యే కాదంటుంది.

అవును, కాదు

బూల్ అన్నిటికన్నా చిన్న టైప్. దానికి ఉండేవి రెండే విలువలు, ట్రూ, ఫాల్స్. సులువుగా కనిపిస్తుంది కాబట్టి క్లాసులో ఐదు నిమిషాల్లో దాటేస్తారు. కానీ కొత్తవాళ్ల ప్రోగ్రామ్‌లలో ఎంత వెతికినా దొరకని తప్పులు చాలావరకు బూల్ దగ్గరే ఉంటాయి.

ఈ పేరు జార్జ్ బూల్ నుంచి వచ్చింది. 1815లో ఇంగ్లండ్‌లోని లింకన్‌లో ఒక చెప్పులు కుట్టే ఆయన ఇంట్లో పుట్టాడు. ఎక్కువభాగం సొంతంగానే చదువుకుని, 1849లో ఐర్లండ్‌లోని కార్క్‌లో గణిత ప్రొఫెసర్ అయ్యాడు. తర్కాన్ని బీజగణితంలా రాయవచ్చని 1847లో, 1854లో వేసిన పుస్తకాల్లో చూపించాడు. 1937లో క్లాడ్ షానన్ అనే విద్యార్థి ఎంఐటీలో సమర్పించిన థీసిస్‌లో, స్విచ్‌లతో చేసే సర్క్యూట్లన్నిటినీ ఆ బీజగణితంతో లెక్కకట్టవచ్చని నిరూపించాడు. కంప్యూటర్ చిప్‌ల రూపకల్పనకు పునాది అక్కడే పడింది.

అంత పాత ఆలోచనైనా సీ భాషలో బూల్ టైప్ 1999 ప్రమాణం దాకా లేదు. అంతవరకు సున్నా అయితే కాదు, సున్నా కానిదేదైనా అవును. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, దానితోపాటు వచ్చే తిప్పలూ పోలేదు. వయసు 18 నుంచి 60 మధ్యలో ఉందా అని సీలో 18 <= వయసు <= 60 అని గణితంలో రాసినట్టే రాస్తే, వయసు 75 ఇచ్చినా అవుననే వస్తుంది. మొదట 18 <= 75 నిజం కాబట్టి 1 అవుతుంది. తర్వాత 1 <= 60 అని చూస్తుంది, అదీ నిజమే. వయసు ఎంతిచ్చినా జవాబు మారదు. పైథాన్‌లో ఇదే వాక్యం గణితంలో ఉన్న అర్థంతోనే పనిచేస్తుంది. జావా దీన్ని అసలు ఒప్పుకోదు, బూల్‌ను సంఖ్యతో పోల్చడం కుదరదని కంపైల్ దగ్గరే ఆపేస్తుంది. మూడు భాషలు, ఒకే వాక్యానికి మూడు తీర్పులు. నేర్చుకునే దశలో జావా పట్టుదలే మేలు.

పైథాన్‌లో బూల్ పూర్ణసంఖ్యలో ఒక రకం. ట్రూ విలువ 1, ఫాల్స్ విలువ 0. రెండు ట్రూలు కలిపితే 2. ఇది వింతగా అనిపించినా పనికొస్తుంది. క్లాసులో ఎవరెవరు వచ్చారో బూల్‌ల జాబితాగా ఉంటే, దాన్ని కూడితే చాలు, ఎంతమంది వచ్చారో తెలిసిపోతుంది.

మాట్లాడే భాషకూ ప్రోగ్రామ్ భాషకూ తేడా బూల్ దగ్గర గట్టిగా తగులుతుంది. "సెక్షన్ ఒకటి లేదా రెండు అయితే" అని తెలుగులో అంటే ఎవరికైనా అర్థమవుతుంది. పైథాన్‌లో అదే క్రమంలో, సెక్షన్ == 1 ఆర్ 2 అని రాస్తే ప్రతి సెక్షన్‌కూ అవుననే వస్తుంది. పైథాన్ దాన్ని "సెక్షన్ ఒకటా, లేదా 2 నిజమా" అని చదువుతుంది. 2 సున్నా కాదు కాబట్టి ఎప్పుడూ నిజమే. పోలికను రెండోసారి కూడా పూర్తిగా రాయాలి. ఇలాగే, ఎవరైనా ఫాల్స్ అని టైప్ చేస్తే దాన్ని నేరుగా బూల్‌గా మారిస్తే ట్రూ వస్తుంది. అది ఖాళీ కాని స్ట్రింగ్, ఖాళీ కానిదేదైనా పైథాన్‌కు ట్రూ. లోపల ఏ మాట రాసి ఉందో అది చదవదు.

కాదనే ప్రశ్నలు ఇంకా చిక్కు. "ఫీజు కట్టలేదా?" అని అడిగితే తెలుగులో "అవును" అన్నా కట్టలేదనే, "లేదు" అన్నా కట్టలేదనే అర్థం. ఎదుటివాళ్ల గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి మనం సర్దుకుంటాం. ప్రోగ్రామ్‌కు ఆ వీలు లేదు. అందుకే బూల్ వేరియబుల్‌కు "కట్టలేదు" అనే అర్థం వచ్చే పేరు పెట్టకూడదు. "కట్టారా" అనే అర్థం వచ్చే పేరే పెట్టాలి. లేకపోతే కట్టినవాళ్లను వెతకడానికి "కట్టలేదు కాదు" అని రాయాల్సి వస్తుంది, వారం తర్వాత అది రాసినవాళ్లకే అర్థం కాదు.

షరతును తిరగేసేటప్పుడు చేసే తప్పు కూడా అందరికీ ఎదురయ్యేదే. హాజరు 75 శాతం, మార్కులు 35 ఉంటేనే పాస్. మరి ఫెయిల్ ఎవరు? చాలామంది హాజరు 75 కన్నా తక్కువ, మరియు మార్కులు 35 కన్నా తక్కువ అని రాస్తారు. అప్పుడు 40 శాతం హాజరుతో 90 మార్కులు వచ్చినవాళ్లు పాసూ కారు, ఫెయిలూ కారు, ఏ జాబితాలోనూ కనిపించరు. తిరగేస్తే "మరియు" కాస్తా "లేదా" కావాలి. ఈ నియమానికి పేరిచ్చిన ఆగస్టస్ డి మోర్గాన్ 1806లో మన పక్కనే మదురైలో పుట్టాడు.

"మరియు" గుర్తుకు ఉపయోగపడే గుణం ఒకటుంది. మొదటి భాగం ఫాల్స్ అయితే రెండో భాగాన్ని కంప్యూటర్ చూడనే చూడదు. "విద్యార్థుల సంఖ్య సున్నా కాదు, మరియు మొత్తం మార్కులను ఆ సంఖ్యతో భాగిస్తే 35 దాటింది" అని రాస్తే, సంఖ్య సున్నా అయినప్పుడు భాగహారం దాకా వెళ్లదు, ప్రోగ్రామ్ ఆగిపోదు. అదే రెండు భాగాలనూ తారుమారు చేస్తే ఎర్రర్ వస్తుంది. గణితంలో క్రమం మారినా అర్థం మారదు, ప్రోగ్రామ్‌లో మారుతుంది.

చివరగా, బూల్‌లో పట్టని విషయం ఒకటుంది: ఇంకా తెలియదు. హాజరు ప్రోగ్రామ్‌లో అరవైమంది విద్యార్థులకు జావాలో బూలియన్ అరే, అంటే బూల్ విలువల వరుస, పెడితే, ఎవరూ ఏమీ నింపకముందే అందులో అరవై ఫాల్స్‌లు ఉంటాయి. ఫాల్స్ అంటే రాలేదని కదా పెట్టుకున్నాం. అంటే పేర్లు పిలవకముందే క్లాసంతా గైర్హాజరు. ఆ రోజు సెలవైనా, సారు రాకపోయినా అదే లెక్కలోకి పోతుంది, సెమిస్టర్ చివర్లో 75 శాతం లెక్క తీసినప్పుడు ఆ రోజులన్నీ పిల్లల ఖాతాలో పడతాయి. కాగితం రిజిస్టర్‌లో ఈ సమస్య లేదు. వచ్చినవాళ్లకు ఒక గుర్తు, రానివాళ్లకు ఒక గుర్తు, పిలవని రోజు గడి ఖాళీ. ఆ ఖాళీ గడి కూడా ఒక విలువే. ప్రోగ్రామ్‌లో దానికి చోటివ్వాలంటే పైథాన్‌లో ఏమీ లేదని చెప్పే నన్ (None), జావాలో ఖాళీని చూపించే నల్ (null) కూడా పట్టే, పెద్ద B తో రాసే బూలియన్ (Boolean) వాడాలి. లేదా ఆ రోజు హాజరు తీసుకున్నారా అనే ఇంకో బూల్‌ను రోజుకు ఒకటి చొప్పున విడిగా పెట్టి, శాతం కట్టే ముందు దాన్ని అడగాలి.